పిల్లలు చూస్తుండగా

నేను తపాలా శాఖలో సబ్ పోస్టుమాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కృష్ణా, గుంటూరు జిల్లాల్లోని చిన్న ఊళ్ళలోనే ఉద్యోగమంతా గడిచింది. నేను పనిచేసిన ఆఫీసుల్లో చాలావాటికి పోస్టుమాస్టరు క్వార్టర్స్ ఆఫీసును ఆనుకునే ఉండేది. మధ్యలో ఒక్క తలుపు. అటు కౌంటరు, ఇటు వంటిల్లు. మా పిల్లలిద్దరూ ఆ తలుపు దగ్గరే పెరిగారు. నాన్న ఆఫీసులో ఎలా ఉంటాడో తెలియకుండానే పెద్దవాళ్ళయ్యే పిల్లలు చాలామంది. మావాళ్ళకు ఆ వీలు లేకపోయింది. ఎవరిని నిలబెట్టి మాట్లాడానో, ఎవరికి కుర్చీ వేయించానో అన్నీ చూశారు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ కింద బెంచీ మీద సాయంత్రాలు కూర్చుంటే చిన్న వయసు తల్లిదండ్రులు పిల్లల సంగతి తెస్తారు. “మీ పిల్లలిద్దరూ బాగా సెటిలయ్యారు కదా బాబాయిగారూ, ఎలా పెంచారు?” అని అడుగుతారు. అందులో నేను చేసింది ఎంత, నేను చెడగొట్టినా వాళ్ళంతట వాళ్ళు సర్దుకున్నది ఎంత అన్నది బెంచీ మీద తేలే లెక్క కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

1. చిన్న దొంగతనానికి ఇల్లే మొదటి బడి.

ఆఫీసు నుంచి నేను పెద్దగా ఏమీ తేలేదు. పురికొస ఉండ, కాస్త లక్క, జిగురు, పాత ఫారాలు. చెల్లని ఫారాల వెనకవైపు తెల్లగా ఉండేది. వాటిని మధ్యకు మడిచి, పురికొసతో కుట్టి, మా అబ్బాయికి లెక్కలు చేసుకోవడానికి రఫ్ నోట్సు చేసి ఇచ్చేవాణ్ణి. అది పొదుపు అనుకున్నాను. పాతవి అయిపోయాక కొత్త కట్టలు విప్పడం ఎప్పుడు మొదలైందో నాకే గుర్తు లేదు. ఏడో తరగతిలో వాడు బడి నుంచి సుద్దముక్కల డబ్బా ఇంటికి తెచ్చాడు. ఇదేమిట్రా అంటే, “క్లాసు లీడర్ని కదా నాన్నా, అవి నా దగ్గరే ఉంటాయి” అన్నాడు. నేను పోస్టుమాస్టర్ని, ఫారాలు నా దగ్గరే ఉంటాయి. ఆ వాదన వాడికి ఎక్కడిదో వెతుక్కోనక్కర్లేదు.

అదే ఇంట్లో ఇంకొకటీ జరిగింది. పోస్టాఫీసులో సాయంత్రం నగదు లెక్క చూసినప్పుడు తక్కువ తేలితే జేబులోంచి పెట్టుకోవాలి, ఎక్కువ తేలితే ప్రభుత్వ ఖాతాకు జమ చూపాలి. ఒకనాడు ఐదు వందలు ఎక్కువ తేలింది. అంతకు కొద్దిరోజుల ముందే తక్కువై నేను చేతిసొమ్ము కట్టి ఉన్నాను. “దానికీ దీనికీ సరి సార్, వదిలేయండి” అన్నాడు గుమస్తా. వదిలేద్దామనే అనిపించింది. కానీ మనసొప్పక, వోచర్లన్నీ మళ్ళీ తిరగేస్తే, ఆ పూట డబ్బు తీసుకుపోయిన ఒక ముసలావిడకు తక్కువ ఇచ్చినట్టు తేలింది. మర్నాడు పోస్ట్‌మాన్ చేత పంపించాను. పిల్లలకు పాఠం చెబుదామని చేసిన పని కాదది. అన్నానికి రమ్మని పిలవడానికి వచ్చి, నేను లేవకపోతే తలుపు దగ్గరే నిలబడి చూశారంతే. మా అమ్మాయి ఇప్పటికీ చెప్పేది ఆ రాత్రి గురించే. నేను పనిగట్టుకుని చెప్పిన నీతికథలు ఒక్కటీ తనకు గుర్తు లేవు. మనకు నష్టం వచ్చే చోట మనం ఏం చేస్తామన్నదాని మీదే పిల్లల కళ్ళుంటాయి. మా అబ్బాయికి ఆ రాత్రీ గుర్తుంది, రఫ్ నోట్సులూ గుర్తున్నాయి.

2. పుస్తకం ఒకటి చెప్పి వంటిల్లు ఇంకొకటి చెబితే పిల్లలు వంటింటినే నమ్ముతారు.

మా అమ్మ మాతోనే ఉండేది. ఆఫీసు ఊడ్చే మనిషి పొద్దున్నే వచ్చేది. ఆమెకు కాఫీ ఇవ్వకుండా మా అమ్మ ఏ రోజూ పంపలేదు. అయితే ఆ కాఫీ పోసే సొట్ట గ్లాసు మాత్రం పెరటి కిటికీ గట్టు మీద విడిగా బోర్లించి ఉండేది. ఆమే తాగి, ఆమే కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించిపోయేది. నేను రోజూ చూసేవాణ్ణి. చూసి చూసి అది కనిపించడం మానేసింది.

మా అమ్మాయికి సివిక్స్‌లో ప్రాథమిక హక్కుల పాఠం వచ్చింది. పరీక్షల ముందు అప్పజెప్పించుకుంటున్నాను. పదిహేడో అధికరణ, అంటరానితనం నిషేధం అని గడగడా చెప్పి, కిటికీ వైపు వేలు చూపించి, “మరి ఆ గ్లాసో?” అంది. “నానమ్మ పాతకాలం మనిషమ్మా, నువ్వు చదువుకో” అన్నాను. మా అమ్మ పాతకాలం మనిషే. మరి నేను? రాజ్యాంగం 1950లో అమల్లోకి వచ్చింది, అంటరానితనం పాటించేవాళ్ళను శిక్షించే చట్టం 1955లో వచ్చింది. 1990లు సగం గడిచినా అవి మా కిటికీ గట్టు దాకా రాలేదు. వాటిని అక్కడిదాకా తేవలసిన మనిషి అప్పజెప్పించుకుంటూ కూర్చున్నాడు.

మన ఇళ్ళలో స్టీలు సామాన్ల మీద పేర్లు కొట్టిస్తాం కదా. కొన్నాళ్ళకు ఒక పొద్దున మా అమ్మాయి తనే కాఫీ కలిపి, నానమ్మ పేరు చెక్కి ఉన్న గ్లాసులో పోసి ఊడ్చే ఆమెకు ఇచ్చింది. ఆమె ఆ గ్లాసు పట్టుకోవడానికి భయపడింది. మా అమ్మ మనవరాలితో కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఆ మౌనంలో నేను ఎవరి పక్షమూ మాట్లాడలేదు. పిల్ల ఒంటరిగా నిలబడింది. సొట్ట గ్లాసును పాత సామాన్లవాడికి వేసేసింది మా ఆవిడ. నా పిల్లల విషయంలో నాకు అన్నిటికంటే సిగ్గనిపించేది ఇదే. మార్కులూ ర్యాంకులూ దీని తర్వాతే.

మీ ఇంట్లో అలాంటి గ్లాసు ఉండకపోవచ్చు. మా అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర పనివాళ్ళు ఏ లిఫ్టు ఎక్కాలో చెప్పే బోర్డు ఉంది. కొత్తగా చదవడం వచ్చిన పిల్లలు కనిపించిన బోర్డల్లా కూడబలుక్కుని చదువుతారు.

3. డబ్బు సంగతి దాచిన ఇంట్లో పిల్లలకు అడగడం ఒక్కటే వస్తుంది.

పదేళ్ళు నిండిన పిల్లలు పోస్టాఫీసులో తమ పేరు మీదే సేవింగ్స్ ఖాతా తెరుచుకుని, తామే నడుపుకోవచ్చు. ఈ సంగతి ఇప్పటికీ చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. అప్పట్లో చిల్లర డబ్బులతో తెరిచేవాళ్ళం, ఇప్పుడు కనీసం 500 రూపాయలు ఉండాలి. మా అబ్బాయికి పదేళ్ళు రాగానే తెరిపించాను. పండక్కి తాతయ్యలూ మేనమామలూ పెట్టిన డబ్బులు వేసుకుని, ఒక వేసవిలో అంతా తీసి క్రికెట్ బ్యాటు కొంటానన్నాడు. వాడు చూసుకున్న బ్యాటు రంగు కాగితాలు అంటించిన నాసిరకం చెక్క. నాకు తెలుసు. విత్‌డ్రాయల్ ఫారం వాడే నింపి, నాలుక బయటపెట్టి మరీ సంతకం చేశాడు. నేను పాస్ చేశాను. వానలు పడకముందే బ్యాటు చీలింది. వాడు ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. తర్వాతి బ్యాటుకు మాత్రం పెద్ద పిల్లల్ని వెంటబెట్టుకుని నాలుగు షాపులు తిరిగాడు.

అంత తెలివిగా మొదలుపెట్టినవాణ్ణి తర్వాత తప్పుదారి పట్టాను. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫ్రీ సీటు, పేమెంట్ సీటు అని రెండు రకాలు ఉండేవి. మావాడికి వచ్చింది పేమెంట్ సీటు. దానికోసం జీపీఎఫ్‌లోంచి అప్పు తీశాను, మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టాను. వాడి మనసు కష్టపడుతుందని చెప్పలేదు. రెండో ఏడాదిలో వాడు బండి కొనిపెట్టమన్నాడు. ఇంటి సంగతి పట్టదా నీకు అని నేను విరుచుకుపడ్డాను. ఇంటి సంగతి వాడికి చెప్పిందెవరు?

4. మన భయానికి పిల్లల భవిష్యత్తు అని పేరు పెట్టకూడదు.

పదో తరగతి అయిన పిల్లవాణ్ణి మనవాళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే. ఎంపీసీనా, బైపీసీనా? సీఈసీ, హెచ్‌ఈసీ అంటే పరామర్శకు వచ్చినట్టు ముఖం పెడతారు. 1986లో ఎంసెట్ మొదలయ్యాక మా తరం తండ్రులకు ఇంటర్ రెండేళ్ళూ ఒక ర్యాంకు కిందకు మారిపోయాయి. ఇప్పుడది ఈఏపీసెట్ అయింది, పక్కన జేఈఈ, నీట్ వచ్చాయి. తండ్రులు మాత్రం అప్పటివాళ్ళే.

మా అబ్బాయికి రేడియోలు విప్పడం ఇష్టం. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతానన్నాడు. డిప్లొమా చదివితే జీవితాంతం ఇంజనీరు కింద పనిచేస్తావు అని కొట్టిపారేశాను. అది కూడా ఎవరో అన్న మాటే, నేను వాకబు చేసింది కాదు. ఇవాళ డిప్లొమా పిల్లలు ఈసెట్ రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరుతున్నారు. అసలు సంగతి వేరే ఉంది. ఆ ఏడు మా డివిజన్‌లోనే ఒక సహోద్యోగి కొడుక్కి వరంగల్ ఆర్‌ఈసీలో సీటొచ్చింది. మీటింగుకు వెళ్తే అందరూ ఆయన చుట్టూ మూగారు. నేను తిరిగొచ్చే బస్సులోనే నిర్ణయం తీసుకున్నాను.

విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చాం. తెల్లవారకముందు మొదలయ్యే స్టడీ అవర్ రాత్రి పడుకునేదాకా నడిచేది. ఆదివారం గేటు దగ్గర తల్లిదండ్రుల తిరునాళ్ళు. చెట్టు నీడ దొరికినచోట దుప్పటి పరిచి, క్యారేజీ విప్పి, తల్లులు ముద్దలు కలిపి పెడుతుంటే తండ్రులు పక్కనే వీక్లీ టెస్టు మార్కుల కాగితం పట్టుకుని చదివేవాళ్ళు. నోట్లో ముద్ద ఉండగా “ఫిజిక్స్‌లో ఏమైంది?” అని అడిగిన తండ్రుల్లో నేనూ ఉన్నాను.

వాడు వారానికో ఇన్‌లాండ్ లెటరు రాసేవాడు. మొదట్లో మడత అంచుల మీద కూడా రాసేవాడు. సాంబారులో నీళ్ళు, గురకపెట్టే ఒంగోలు కుర్రాడు, బల్లిని చూసి అరిచిన లెక్కల మాస్టారు, ఇలా అన్నీ. దసరా దాటాక సగం కాగితం ఖాళీగా రావడం మొదలైంది. నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను, ఈ వారం మార్కులు ఇన్ని. దానిమీద తేదీ ముద్ర వేసి పక్కన పెట్టింది నేనే. ఆ ఖాళీ సగం కూడా నాకు రాసిందేనని అప్పుడు తట్టలేదు. మార్కులు ఉన్న వరుస చూసి మడిచేసేవాణ్ణి.

5. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే జవాబు వస్తుంది గానీ మాట రాదు.

ఎదురుగా కూర్చోబెట్టకుండా మాట రప్పించే విద్య మా ఆవిడకు తెలుసు. సంక్రాంతి సెలవులకు వాడు వచ్చినప్పుడు చిక్కుడుకాయల గంప ముందు పెట్టుకుని, నాలుగు కాయలు వాడి ముందుకూ తోసింది. ఇద్దరూ ఈనెలు తీస్తూ కూర్చున్నారు. ఇద్దరి కళ్ళూ కాయల మీదే. గంప సగమయ్యేసరికి వాడు మొత్తం చెప్పాడట. నిద్రపట్టడం లేదని, పుస్తకం తెరిస్తే అక్షరాలు నిలబడడం లేదని, వెనక్కి వచ్చేస్తానని. ఆ రాత్రి ఆవిడ నాకు చెప్పింది. “అందరు పిల్లలూ ఉంటున్నారు కదా, అలవాటవుతుంది” అన్నాను. సెలవులయ్యాక నేనే తీసుకెళ్ళి దింపొచ్చాను. దారిపొడవునా వాడు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నేను పేపరు చదువుకున్నాను.

పిల్లలు చెప్పడం లేదని బెంగపడే తల్లిదండ్రులు ఒకసారి వెనక్కి చూసుకోవాలి. చెప్పిన రోజున మనం ఏమన్నామో.

6. నిర్ణయం వాళ్ళది, వాకబు అందరిదీ.

మా అమ్మాయి దగ్గరకు వచ్చేసరికి కాస్త తగ్గాను. తను హెచ్‌ఈసీ తీసుకుంటానంది. చుట్టాలు నవ్వారు. నాకూ గుండె గుబేలుమంది గానీ ఈసారి వద్దనలేదు. “ఆ చదువులు చదివి బతుకుతున్నవాళ్ళను కలిసిరా, తర్వాత మాట్లాడదాం” అన్నాను. జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరర్ దగ్గరకు వెళ్ళింది. ఉద్యోగాలకు ఎన్నేళ్ళు ఎదురుచూడాల్సి వస్తుందో ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడట. శాఖా గ్రంథాలయంలో మేడమ్‌ను కలిసింది. మునసబు కోర్టులో ఒక ప్లీడరుగారి దగ్గర మధ్యాహ్నమంతా కూర్చుంది. ఆయన ఆశపెట్టలేదు. జూనియర్‌గా చేరితే మొదటి కొన్నేళ్ళు బస్సు చార్జీలకు కూడా ఇంట్లో అడగాల్సి వస్తుందన్నాడు. ఇంటికొచ్చి తను సీఈసీ తీసుకుంటానని, ఇంటర్ అయ్యాక లాసెట్ రాసి ఐదేళ్ళ లా చదువుతానని చెప్పింది.

నేను చేసిందల్లా ఒక తెల్లకాగితం తీసుకుని నా జీతం, అప్పటికున్న అప్పులు, తన చదువుకు ఏటా ఎంత పెట్టగలను, రిటైరయ్యేలోగా ఎన్నేళ్ళు పెట్టగలను అన్నది రాసి తన ముందు పెట్టడం. అన్నయ్యకు చెప్పని లెక్క అది. ఆడపిల్లకు నల్లకోటు వేస్తే సంబంధాలు రావని మా అక్కయ్య ఏడ్చినంత పనిచేసింది. అందులో కొంత నిజమయింది కూడా, పెళ్ళి ఆలస్యమైంది. ఆ ఆలస్యానికి తను నన్ను ఏనాడూ తప్పుపట్టలేదు. ఎంచుకున్నది తనే కనుక ఓర్చుకున్నది కూడా తనే. ఇప్పుడు జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తోంది. గెలిచిన కేసులకంటే ఓడిన కేసుల గురించే నాకు ఎక్కువ చెబుతుంది.

7. కొట్టిన చెయ్యి మరిచిపోతుంది, తిన్న ఒళ్ళు మరిచిపోదు.

దండం దశగుణం అనే మాట విని పెరిగినవాళ్ళం. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఇళ్ళకు చట్టం రాలేదు. తొమ్మిదో తరగతిలో మార్కులు తగ్గితే మావాణ్ణి బెల్టుతో కొట్టాను. తర్వాతి ప్రోగ్రెస్ కార్డు మీద నా సంతకం వాడే పెట్టుకున్నాడు. పొద్దస్తమానం డబ్బు తీసుకునేవాళ్ళ సంతకాలు పోల్చిచూసే ఉద్యోగం కాబట్టి పట్టేశాను. బాగానే పెట్టాడు, అది వేరే సంగతి. కొట్టి నేను నేర్పించిన విద్య అదొక్కటే.

8. ఫలితాలు వచ్చే రోజు సెలవు పెట్టండి.

ఇది సలహా కాదు, ఇంకాస్త గట్టి మాట ఏదైనా ఉంటే అది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక కొద్దిరోజుల్లోనే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ వార్తలు చదివినప్పుడల్లా నాకు ఖాళీ సగమున్న ఇన్‌లాండ్ లెటర్లు గుర్తొచ్చి పేపరు పక్కన పెట్టేసేవాణ్ణి. మావాడు బతికి బట్టకట్టాడు. అది వాడి తల్లి పుణ్యమో, గురకపెట్టే ఒంగోలు కుర్రాడి పుణ్యమో గానీ నా తెలివి మాత్రం కాదు.

ఫలితాల ముందు రాత్రే పిల్లలకు చెప్పండి, తప్పితే సప్లిమెంటరీ రాద్దాం, ఏడాది పోయినా పర్వాలేదు అని. ఫలితం వచ్చాక చెబితే అది ఓదార్పు మాటలా వినిపిస్తుంది, వాళ్ళు నమ్మరు. ఆ పూట మీ ఫోన్లు మీ దగ్గర పెట్టుకుని చుట్టాలకు మీరే జవాబు చెప్పండి. పక్కింటి అమ్మాయికి ఎంతొచ్చాయన్నది ఆ రోజు ఇంట్లోకి రానివ్వకండి. పిల్లవాడు తిండి మానేసినా, నిద్ర మానేసినా, ఇక నా వల్ల కాదన్నట్టు మాట్లాడినా తేలిగ్గా తీసుకోకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. 14416 అని టెలీ మానస్ నంబరు ఒకటి ఉంది. ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. మా కాలంలో అలాంటిది లేదు. ఉన్నా నేను చేసి ఉండేవాణ్ణా అన్నది అనుమానమే.

9. పెద్దయిన పిల్లల దగ్గర అడగని సలహా చెల్లదు.

మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు. మంచి ఉద్యోగం. నెలనెలా ఆరోగ్యం కనుక్కుంటాడు, మందులు పంపిస్తాడు. అయితే ఏ విషయమైనా అయిపోయాకే చెబుతాడు. ఉద్యోగం మారాక మారానని చెప్పాడు. గృహప్రవేశం ముహూర్తం పెట్టుకున్నాకే ఫ్లాటు కొన్న సంగతి నాకు తెలిసింది. కోపం లేదు, అమర్యాద లేదు. పదహారేళ్ళప్పుడు అడిగితే ఏమైందో చూసినవాడు ఇప్పుడు అడగడం మానేశాడు. దీన్ని మార్చే ఉపాయం నా దగ్గర లేదు, ఉన్నా ఈ వయసులో వాడిమీద ప్రయోగించడం నాకిష్టం లేదు.

ఈ ఏడు వాడి కొడుకు పదో తరగతి. పరీక్షలు ఇంకా రాయకముందే కాలేజీల పీఆర్వోలు ఫోన్ల మీద ఫోన్లు. ముందే సీటు రిజర్వు చేసుకుంటే ఫీజులో తగ్గింపు అంటారు. మొన్న నేను వెళ్ళినప్పుడు భోజనాల దగ్గర కోడలు, “మీరేమంటారు మామయ్యగారూ?” అంది. మా అబ్బాయి తలెత్తలేదు. నేను ఇన్‌లాండ్ లెటర్ల సంగతి చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పింది కాదు. చిక్కుడుకాయల నాటి రాత్రి మా ఆవిడ నాతో ఏమందో, నేను ఏమన్నానో కూడా చెప్పాను. ఏ కాలేజీ మంచిదో నాకు తెలియదు, పిల్లవాణ్ణి కూడా అడగండి అని ఊరుకున్నాను. మా అబ్బాయి చెయ్యి కడుక్కుని బాల్కనీలోకి వెళ్ళాడు.

ఆ శనివారం తండ్రీకొడుకులు వెళ్ళి ఒక హాస్టల్ కాలేజీ, ఇంటినుంచి వెళ్ళొచ్చే కాలేజీ ఒకటి చూసొచ్చారు. పిల్లవాడు పాలిటెక్నిక్ గురించి కూడా ఏదో అడుగుతున్నాడట. అడ్వాన్సు ఇంకా ఎక్కడా కట్టలేదు. పీఆర్వో మాత్రం రెండు రోజులకోసారి ఫోన్ చేస్తూనే ఉన్నాడు.